‘మళ్ళీ వస్తాం’ అంటే ఏమిటో యంత్రానికి రాసిపెట్టడం

మా బంధువుల్లో సగం మంది నన్ను దస్తావేజు లేఖరి అనుకుంటారు. తప్పు వాళ్ళది కాదు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "డాక్యుమెంట్లు రాస్తానండీ" అంటాను. బెజవాడలో ఆ మాటకి ఒకటే అర్థం: రిజిస్ట్రారు ఆఫీసు పక్క సందులో బల్ల వేసుకుని, స్టాంపు కాగితాల మీద తూర్పు హద్దు, పడమర హద్దు రాసే పని. ఒక పెళ్ళిలో పెద్దమనిషొకాయన నన్ను చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, మామిడితోటకి గిఫ్టు డీడు రాయడానికి ఎంత తీసుకుంటావని అడిగాడు. నేను వెంటనే కాదనలేదు. కొట్టులో పెరిగినవాడిని. ముందు ఆయన ఎంత ఇస్తాడో విందామనిపించింది.

నేను రాసేవి సాఫ్ట్‌వేరు వివరణలు. మా చిన్న ఆఫీసులో దుకాణాల కోసం ఒక ఏఐ అసిస్టెంటుని తయారుచేస్తారు. కొనేవాళ్ళు దుకాణం నంబరుకి మెసేజ్ పెడితే అదే జవాబిస్తుంది. దానికి జ్ఞాపకాలు వెతికి తెచ్చే పనిముట్టు ఒకటి ఉంది. ఎవరు ఏమన్నారో చిన్న చిన్న వాక్యాలుగా దాస్తుంది. అదే మనిషి మళ్ళీ పలకరిస్తే, ఆ పలకరింపుకి దగ్గరగా ఉన్న పాత వాక్యాలు ఏరి అసిస్టెంటు చేతికి అందిస్తుంది. మాటలు అవే కానక్కర్లేదు, అర్థం దగ్గరగా ఉంటే చాలు. కుక్కరు గురించి అడిగితే, ఎప్పుడో "ఈల మోగట్లేదు" అని పెట్టిన ఫిర్యాదు కూడా పైకి వస్తుంది.

ఆ పనిముట్టుని ఎప్పుడు వాడాలి, ఏమని అడగాలి, దొరికిన వాక్యాలతో ఏం చెయ్యాలి అన్నది రాయడం నా వంతు. ఇందులో ఒక తమాషా ఉంది. నా వివరణను మనుషుల కంటే ముందు ఆ అసిస్టెంటే చదువుతుంది, చదివినట్టే నడుచుకుంటుంది. నా మాటని ఒక్క అక్షరం వదలకుండా పాటించినవాళ్ళు మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ లేరు. అందుకని మొదట్లో కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ రోజుల్లో నేను రాసిన వాక్యాల్లో ఒకటి ఇలా ఉంది: "కస్టమరు ఏదైనా చేస్తానని మాట ఇచ్చి ఉంటే దాన్ని వెతికి తీయాలి, మాట్లాడేటప్పుడు మర్యాదగా గుర్తుచేయాలి." చదివితే ఎంత బుద్ధిగా ఉందో చూడండి. బడిలో మంచి అలవాట్ల పాఠంలా ఉంది. దీన్ని రాసింది గవర్నర్‌పేటలో స్టీలు సామాన్ల కొట్టులో పుట్టి పెరిగిన మనిషంటే ఎవరూ నమ్మరు.

ఆ కొట్టు మా నాన్నది. ఇప్పుడు మా అక్కది. నా చిన్నప్పుడు గిన్నెలు గడ్డిలో చుట్టి వచ్చేవి. సరుకు దిగిన రోజు కొట్టంతా ఎండుగడ్డి వాసన, దాని మీద కొత్త స్టీలు వాసన. కొత్త స్టీలుకి వాసన ఉండదని మా ఆఫీసులో వాదించినవాళ్ళున్నారు. వాళ్ళ నాన్నలకి కొట్లు లేవు. నేనూ అక్కా గడ్డి దులిపి, పాత పేపరుతో తుడిచి, చెంబులు ఒకదానిమీద ఒకటి బోర్లించేవాళ్ళం. పైదాన్ని వేలితో మీటితే కిందిదాకా మోగేది. నాన్న కేకేసేవాడు: "ఒరేయ్, అది సరుకురా, గుడిగంట కాదు!" ఒక్క క్షణం ఆగి, మేము చూడటంలేదనుకుని తనూ మీటేవాడు.

సాయంత్రం చుట్టుపక్కల ఊళ్ళ బస్సులు దిగినవాళ్ళు వచ్చేవారు. బేరం అంటే మా కొట్టులో కోపతాపాల వ్యవహారం కాదు, పలకరింపు. నాన్న ధర చెప్పగానే కొనే ఆవిడ నవ్వాలి. ఆవిడ అడిగిన ధరకి నాన్న నవ్వాలి. ఆ తర్వాత పిల్లల చదువులు, వరికోతలు, మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకోవాలి. మధ్యలో ధర దానంతటదే కిందికి జారుతూ ఉండాలి. నాన్న కొనేవాళ్ళ పేర్లు ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. వాళ్ళు కొన్నవీ అంతగా గుర్తుండేవి కావు. చూసి, చేతిలో తిప్పి, కొనకుండా వెళ్ళిన వస్తువు మాత్రం గుర్తుండేది. "అడుగు మందం మూకుడు ఆవిడ వస్తోంది, కుర్చీ తుడు" అనేవాడు. ఆవిడ ఆ మూకుడు కొని ఉండదు. ఏడాది కిందట దాన్ని ఎంత ప్రేమగా పట్టుకుందో ఆయనకి తెలుసు.

కొనకుండా వెళ్ళేవాళ్ళు గడప దగ్గర ఆగి ఒక మాట అనేవారు: "మళ్ళీ వస్తామండీ." నాన్న లేచి నిలబడి, "తప్పకుండా రండమ్మా" అనేవాడు. ఇద్దరికీ తెలుసు. ధర కుదరలేదని ఆవిడ చెప్పింది, సరేనని ఈయన ఒప్పుకున్నాడు, ఎవరి ముఖమూ చిన్నబోలేదు. ఆరు నెలలకి అదే మనిషి వేరే పని మీద వస్తే నాన్న ఆ మూకుడు మాట ఎత్తేవాడు కాదు. ఎత్తితే "వస్తానన్నారు, రాలేదేం" అని నిలదీసినట్టవుతుంది. ఊరికే మూకుడుని ఆవిడ కంటికి ఆనేచోటికి జరిపేవాడు. ఒకసారి నేను తెలివిగా, "మొన్న వస్తానన్నారు కదండీ!" అని ఒకావిడని అడిగాను. ఆవిడ వెళ్ళాక నాన్న నన్నేమీ అనలేదు. సాయంత్రం దాకా అసలు నాతో మాట్లాడలేదు. పలకరింపు మీద బతికే కొట్టులో అంతకు మించిన శిక్ష లేదు.

ఇంత తెలిసినవాడిని అలాంటి వాక్యం ఎలా రాశానంటే, ఆఫీసులో కూర్చుంటే నాకు ఆఫీసు భాష వస్తుంది. అక్కడ మాట అంటే మాటే.

పోయిన వేసవిలో అసిస్టెంటుని నిజం దుకాణంలో పరీక్షించాలన్నారు. నేను అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క కౌంటరు వెనక కూర్చుని పళ్ళేలు తూకం వేస్తోంది.

"ఉత్తినే ఇస్తామే, నెలరోజులు," అన్నాను.

"ఉత్తినే అన్నావంటే లోపల ఏదో లొసుగుంది. నాకే అమ్ముతున్నావా?"

"అమ్మట్లేదు. నీ ఫోనుకి వచ్చే మెసేజులన్నిటికీ అదే జవాబిస్తుంది. నువ్వు కాస్త నడుం వాల్చొచ్చు."

"నడుం వాలిస్తే కొట్టు వాలుతుంది. సరే, ఎదురు నాకేం ఇస్తారు?"

సొంత తమ్ముడితో అరగంట బేరమాడి, రెండు నెలలు ఉచితం, పైన మా ఆఫీసు వాళ్ళ పండగ కానుకలన్నీ తన కొట్టులోనే కొనాలన్న ఒప్పందం మీద ఒప్పుకుంది. పెంపకం ఒక్కటే కదా, నాకు కోపం రాలేదు. కొట్టుకి వచ్చి వెళ్ళిన ముఖ్యమైనవాళ్ళ గురించి ఒక ముక్క ఫోనులో చెప్పి పెట్టమన్నాను. అదీ జ్ఞాపకాల్లో చేరుతుంది.

అలా అక్క చెప్పిపెట్టిన వాటిలో ఒకటి: "మైలవరం టీచరుగారు వచ్చారు. చర్చి హాలుకి వంట గుండిగలు చూశారు. మళ్ళీ వస్తానన్నారు."

ఈ టీచరుగారి గురించి చెప్పాలి. మైలవరంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాన్న కాలం నుంచీ మా కొట్టుకి వస్తారు. నాన్న పోయిన కొత్తలో అక్క కౌంటరు దగ్గర కూర్చుంటే, వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి "మగవాళ్ళెవరూ లేరామ్మా?" అనేవారు. కొందరు జాలిపడి బేరమాడకుండానే కొని వెళ్ళేవారు. అక్కకి అది ఇంకా కష్టంగా ఉండేది. అప్పుడు టీచరుగారు వచ్చి, ఒక ఇడ్లీ పాత్ర పట్టుకుని, నాన్నతో ఎలా ఆడేవారో అలాగే, ఏమాత్రం దయ లేకుండా బేరమాడారు. అక్కకి చెమటలు పట్టాయి. చివరికి ఆవిడ డబ్బు లెక్కపెట్టి ఇస్తూ, "మీ నాన్న ఇంకో పది తగ్గించేవాడు. నువ్వే గట్టిదానివి" అన్నారట. కొట్టు తనదని తనకి నమ్మకం కలిగింది ఆరోజేనని అక్క ఇప్పటికీ చెబుతుంది.

గుండిగలు చూసి వెళ్ళిన కొన్నాళ్ళకి టీచరుగారు మెసేజ్ పెట్టారు. ఇడ్లీ పాత్ర మూతకి పిడి ఊడింది, కొత్త పిడి దొరుకుతుందా అని. అసిస్టెంటు నా వివరణ ప్రకారం జ్ఞాపకాలు వెతికింది. జవాబిచ్చింది: "పిడి దొరుకుతుంది టీచరుగారూ. మీరు చర్చి హాలుకి గుండిగలు చూసి మళ్ళీ వస్తానన్నారు. ఎప్పుడు వస్తున్నారు?"

ఆవిడ "చూస్తానమ్మా" అని రాశారు. అక్కే రాసిందనుకున్నారు మరి.

మర్నాడు పొద్దున్నే అసిస్టెంటు: "చూస్తానన్నారు. చూశారా?"

ఆవిడ "కబురు చేస్తాను" అన్నారు. మా వైపు ఈ మాటకి పైన ఇంకేమీ ఉండదు. తలుపు మూసి గొళ్ళెం పెట్టడమే.

ఆ పై రోజు అసిస్టెంటు: "మీ కబురు కోసం ఎదురుచూస్తున్నాము."

ఒక్క వాక్యంలోనూ అమర్యాద లేదు. అన్నీ నిజాలే. టీచరుగారు అక్కకి ఫోన్ చేశారు. నేను ఆ పూట కొట్టులోనే ఉన్నాను. స్పీకరులో వినపడింది.

"ఏమ్మా, నేను మాట తప్పినదాన్నా?"

"అయ్యో, అదేంటి టీచరుగారూ..."

"రోజూ అడుగుతున్నావుగా. వస్తానన్నావు, చూస్తానన్నావు, కబురన్నావు అని. పిల్లల్ని నేను నిలబెట్టి అడిగేదాన్ని అలాగ. నన్నెవరూ అడగలేదు ఇంతవరకూ."

అక్క నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేశారు. అక్క నా వైపు తిరిగింది.

"ఏం పెట్టావురా ఇందులో?"

విషయమంతా మెసేజుల్లో చదివింది. చదువుతున్నంతసేపూ ముఖం పాలిపోతోంది. చివరికి, "నీ మెషీన్ సంగతి తర్వాత. ఆవిడ ఈ గడప తొక్కకపోతే నేనీ కుర్చీలో కూర్చుని ఏం లాభం?" అంది. కోపంగా అని ఉంటే బేరమాడేవాడిని. కోపంగా అనలేదు.

అసిస్టెంటుని ఆపించాను. వెంటనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పెయ్యమన్నాను. అక్క నా తెలివికి తల పట్టుకుంది.

"ఏమని చెప్పాలిరా? మీరు రాకపోయినా నాకేం ఫరవాలేదండీ అనా? రాలేదన్న సంగతి మళ్ళీ నేనే ఎత్తినట్టు కాదూ?"

అదీ చిక్కు. తప్పు ఏమిటో చెప్పకుండా క్షమాపణ లేదు. ఆ తప్పు పేరెత్తడమే మళ్ళీ అదే తప్పు. చాలాసేపు ఆలోచించి అక్క సొరుగులోంచి ఇడ్లీ పాత్ర మూత పిడి ఒకటి తీసి సంచిలో వేసుకుంది. "పద. పిడి అడిగారుగా. పిడి ఇచ్చి వద్దాం."

మర్నాడు ఆ పది రూపాయల పిడి ఒక్కటి పట్టుకుని ఇద్దరం మైలవరం బస్సెక్కాం. కొండపల్లి దాటాక దారి పొడుగునా మామిడితోటలు. లారీల్లోకి కాయలెత్తుతున్నారు. చిన్నప్పుడు నాన్నతో వసూళ్ళకి ఈ దారినే వచ్చేవాళ్ళం. కిటికీ సీటు కోసం అక్కా నేనూ బేరమాడుకునేవాళ్ళం: వెళ్ళేటప్పుడు నాది, వచ్చేటప్పుడు తనది. వచ్చేటప్పుడు చీకటిపడి ఏమీ కనపడదని తనకి తెలియడానికి చాలా ప్రయాణాలు పట్టింది. ఈసారి అక్క అడక్కుండానే కిటికీ దగ్గర కూర్చుంది.

టీచరుగారు తలుపు తీసి ఒక్క క్షణం మమ్మల్ని చూశారు. "రండి" అన్నారు. వరండాలో గోడవారగా గోనెపట్టా కప్పిన పెద్ద ఆకారాలు వరసగా ఉన్నాయి. పట్టా చివర నుంచి ఒక కొత్త గుండిగ అంచు తళతళా మెరుస్తోంది. స్టీలు కొట్టులో పెరిగినవాళ్ళకి ఆ మెరుపు చాలు, సైజు, మందం, ఎవరి సరుకో కూడా తెలిసిపోతుంది. అక్క చూసింది. చూడనట్టు మందారం కుండీ వైపు తిరిగి, "పూలు బాగా పూస్తున్నాయండీ" అంది. నేను పైకప్పు వైపు చూశాను. అక్కడ ఏమీ లేదు. టీచరుగారు పట్టా చివరని కాలితో నెమ్మదిగా ముందుకి జరిపారు. అంచు కనపడకుండా పోయింది.

మజ్జిగ తాగాం. అక్క సంచిలోంచి పిడి తీసి ఇచ్చింది.

"ఎంతమ్మా?" అన్నారు టీచరుగారు.

నేను "ఎందుకండీ, ఉంచండి" అనబోయాను. అక్క నా కాలు తొక్కింది. తొక్కి, పిడికి ఎవరూ ఇవ్వనంత ధర చెప్పింది.

టీచరుగారు నిటారుగా కూర్చున్నారు. "పిడికా? ఏనుగు దంతంతో చేశారా?"

"బస్సు ఛార్జీలు కలిపానండీ, ఇద్దరివి."

"వీణ్ణెవరు తీసుకురమ్మన్నారు? వీడి టిక్కెట్టు నేనెందుకు కట్టాలి?"

"తోడండీ."

"తోడు వచ్చినవాడు ఒక్క మాటైనా మాట్లాడాడా? మజ్జిగ తాగుతున్నాడు రెండు గ్లాసులు. అవి తగ్గించు."

అలా మొదలైంది. నా టిక్కెట్టు పోయింది, మజ్జిగ పోయింది, పాత పిడి తుక్కు కింద పోయింది. ధర సగానికి వచ్చేసరికి ఆవిడ నవ్వుతున్నారు. అక్క కళ్ళు తుడుచుకుంటోంది, చెమట అన్నట్టుగా. చిల్లర చేతిలో పెడుతూ టీచరుగారు వరండా వైపు చూసి, ఇంక దాచలేనట్టు పట్టా లాగేశారు.

"ఇవిగో. హనుమాన్ జంక్షన్‌లో కొన్నాం. చర్చి పెద్దల్లో ఒకాయనకి అక్కడ తెలిసిన కొట్టుందట. కమిటీ మాట కాదనలేకపోయాను. నీకెలా చెప్పాలో తెలియక కబురు, కబురంటూ ఉన్నా."

"మంచి సరుకేనండీ," అంది అక్క, వంగి ఒకదాన్ని వేలితో మీటి. అది మోగింది. "అడుగు గట్టిది."

"వీటి మీద చర్చి పేరు కొట్టించాలి. మీ కొట్టు ముందు పేర్లు కొట్టే ఆయన ఉంటాడుగా. వేరే చోట కొన్నవాటి మీద కొడతాడా?"

వేరే కొట్టు సామాను మీద పేరు కొట్టి ఇవ్వడం మా వీధిలో ఎవరూ చెయ్యరు. అక్క ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అక్షరానికి ఇంత అని తీసుకుంటామండీ" అంది.

మర్నాడు ఆఫీసులో నా వాక్యం కొట్టేసి కొత్తది రాశాను. "మళ్ళీ వస్తాం, చూస్తాం, కబురు చేస్తాం, ఇంట్లో అడిగి చెబుతాం అన్నవి మాట ఇవ్వడాలు కావు. వద్దని మర్యాదగా చెప్పడం. వీటిని దాచుకో, వెతికి తీసుకో, కానీ ఆ మనిషికి గుర్తుచెయ్యకు. ఆ సంగతి తనంతట తాను ఎత్తితేనే మాట్లాడు." మా ఇంజనీరు అమ్మాయి చదివి అభ్యంతరం చెప్పింది.

"అనకూడనప్పుడు దాచడం ఎందుకండీ? చోటు దండగ."

"ఏ గిన్నె ముందుకి జరపాలో తెలియద్దూ?"

"మరి నిజంగానే మళ్ళీ వచ్చేవాళ్ళు కూడా వస్తాం అనే కదా అంటారు?"

"అంటారు."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"వస్తే తెలుస్తుంది," అన్నాను. ఆ అమ్మాయి ఆ జవాబు వివరణలో పెట్టడానికి పనికిరాదంది. నిజమే. ఆ భాగం ఖాళీగానే ఉంది.

తర్వాతి వారం టీచరుగారు గుండిగలన్నీ ట్రాలీ ఆటోలో వేయించుకుని కొట్టుకి వచ్చారు. పేర్లు కొట్టే ఆయన మెట్టు పక్కన గోనె పరిచాడు. చర్చి పేరు కాగితం మీద చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ‘క్రీస్తు’ దగ్గర నాలుగు అన్నాడు.

"నాలుగేంటి?" అన్నారు టీచరుగారు. "క్రీ ఒకటి, స్తు ఒకటి. రెండక్షరాలు. నా దగ్గర చదివిన ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు."

"పిల్లలు బలపంతో రాస్తారండీ," అంది అక్క కౌంటరు మీంచి వంగి. "ఈయన సుత్తితో రాస్తాడు. ఒత్తుకి వేరే దెబ్బలు పడతాయి."

"ఒత్తు అక్షరం కాదమ్మా. అక్షరానికి తోడు."

"తోడుకి మొన్న టిక్కెట్టు కొట్టేశారుగా మీరే!"

"అందుకే ఇప్పుడూ కొట్టేస్తున్నా. ఏం బాబూ, నువ్వు రాసేవాడివిగా. చెప్పు. ఎన్నక్షరాలు?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఒకరు వ్యాకరణం, ఒకరు రక్తసంబంధం. నేను కొట్టులో పుట్టినవాడు చెప్పే జవాబు చెప్పాను: "మూడు చేసుకోండి."

"సిగ్గులేదురా," అంది అక్క.

"రెండే," అన్నారు టీచరుగారు, కాగితం మీద వేలు పెట్టి. "మిగతా పేరంతా చూద్దాం రా, దీర్ఘాలకి కూడా వేస్తారేమో వీళ్ళు." ఆవిడ చెప్పులు గడప అవతల విడిచి లోపలికి వచ్చి, స్టూలు కౌంటరు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.